తెల్ల టీలో మేలెంత?

తేయాకు కొమ్మ చివర, ఇంకా విచ్చుకోని మొగ్గ సూదిలా నిలబడి ఉంటుంది. దాని ఒంటినిండా వెండిరంగు నూగు. ఆ మొగ్గనొక్కదాన్నే గానీ, పక్కనున్న ఒకటి రెండు లేతాకులతో కలిపి గానీ గిల్లి, నలపకుండా, పెనం మీద వేయించకుండా, ఆవిరి పట్టకుండా, గాలికి వాడనిచ్చి ఆరబెడితే వచ్చేది తెల్ల టీ. బజార్లో అందరూ వైట్ టీ అంటారు. చైనాలోని ఫుజియన్ రాష్ట్రంలో ఫుడింగ్, జెంగ్‌హ ప్రాంతాలు దీని పుట్టిల్లు. చెన్నైలో ఉన్నవాళ్లు మాత్రం దీన్ని వెతుక్కుంటూ అంత దూరం పోనక్కర్లేదు. రాత్రి సెంట్రల్‌లో నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి మేట్టుపాళయం. అక్కణ్ణుంచి కొండెక్కితే కూనూరు, కోటగిరి. ఆ కొండల మీద కొన్ని ఎస్టేట్లు మొగ్గలను విడిగా కోయించి తెల్ల టీ తయారు చేస్తున్నాయి. కిలో ధర వేల రూపాయల్లో ఉంటుంది. ఎందుకంటే ఒక్కో మొగ్గనూ చేత్తోనే గిల్లాలి, ఎండాక మొగ్గ బరువు దాదాపు ఏమీ ఉండదు.

తెల్ల టీ గురించి జనంలో తిరిగే మాటలు చాలా పెద్దవి. క్యాన్సర్‌ను అడ్డుకుంటుందని, కొవ్వు కరిగిస్తుందని, చర్మం ముడతలు పడనివ్వదని, షుగర్‌ను అదుపులో ఉంచుతుందని చెబుతారు. ఇవేవీ ఊరికే పుట్టిన మాటలు కావు. చాలావాటి వెనక ఒక ప్రయోగశాల, ఒక పరిశోధన పత్రం ఉన్నాయి. ఆ ప్రయోగశాలకూ మనం తాగే కప్పుకూ మధ్య ఎంత దూరం ఉందో తెలిస్తే తెల్ల టీ విలువ మనకు సరిగ్గా తెలుస్తుంది.

మొగ్గలో ఏముంది?

కోసిన వంకాయ ముక్కలను గాలికి వదిలేస్తే నల్లబడతాయి. అందుకే తరిగీ తరగగానే ఉప్పునీళ్లలో వేస్తాం. ఆ నలుపుకు కారణం పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము. తేయాకులోనూ అదే రకం ఎంజైము ఉంటుంది. ఆకు కణంలో అది ఒక అరలో ఉంటే, కాటెచిన్లు అనే పదార్థాలు ఇంకో అరలో ఉంటాయి. ఆకు నలిగినప్పుడు ఆ గోడలు చిట్లి రెండూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది. అప్పుడు కాటెచిన్లు థియాఫ్లేవిన్లుగా, థియారూబిజిన్లుగా మారతాయి. టీ డికాక్షన్‌లోని ఎరుపు, ఆ గట్టి వగరు వీటివల్లే. 1930లో అస్సాంలో పుట్టిన సి.టి.సి. యంత్రం ఆకును నలిపి, చీల్చి, చిన్న చిన్న గుళికలుగా చుట్టి ఈ మార్పును నిమిషాల్లో మొదలుపెడుతుంది. చెన్నై టీ కొట్లలో గుడ్డ వడపోతలోంచి దిగే డస్ట్ టీ ఆ పద్ధతిలో వచ్చిందే. నీలగిరిలో తయారయ్యే టీలోనూ ఎక్కువ భాగం ఇదే.

గ్రీన్ టీ చేసేవాళ్లు ఆకును వెంటనే వేడిచేసి ఆ ఎంజైమును చంపేస్తారు. తెల్ల టీ చేసేవాళ్లు ఎంజైమును చంపరు, ఆకును నలపరు. ఒకటి నుంచి మూడు రోజులపాటు మొగ్గలు పల్చగా పరిచి ఉంటాయి. ఆ వాడే సమయంలో ఎంజైము నెమ్మదిగా, కొద్దిగా పనిచేస్తూనే ఉంటుంది. తెల్ల టీకి వచ్చే ఆ తేలికపాటి తీపి, పూల వాసన అప్పుడు పుట్టేవే. కాబట్టి తెల్ల టీని ఏ మార్పూ చెందని టీ అనడం సరికాదు. చాలా తక్కువ మార్పు చెందిన టీ అనాలి.

కాటెచిన్లలో అందరూ చెప్పుకునేది ఇ.జి.సి.జి. లేత మొగ్గలో ఇది బాగానే ఉంటుంది. అయితే గ్రీన్ టీ కంటే వైట్ టీలోనే యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువ అనే మాటను నియమంలా పట్టుకోకూడదు. 2010లో అమెరికా పరిశోధకులు రకరకాల వైట్ టీలనూ గ్రీన్ టీలనూ పక్కపక్కన పెట్టి కొలిచారు. ఒక వైట్ టీకీ మరో వైట్ టీకీ మధ్యే కాటెచిన్లలో పది రెట్లకు మించిన తేడా కనిపించింది. గ్రీన్ టీల మధ్యా అంతే. రెండు రకాల కొలతలూ ఒకదాని మీదికి ఒకటి వచ్చాయి. మొక్క రకం, పెరిగిన చోటు, కోసిన కాలం, ఆరబెట్టిన తీరు ఇవన్నీ ఆ లెక్కను మారుస్తాయి. డబ్బా మీద వైట్ టీ అన్న పేరు చూసి లోపల ఎంత ఉందో చెప్పలేం.

కెఫీన్ తక్కువ అన్నది ఇంకో నమ్మకం. మొక్కకు కెఫీన్ ఒక రక్షణ. పురుగులు ముందు పట్టేది లేత భాగాన్నే కాబట్టి మొక్క తన కెఫీన్‌ను ఎక్కువగా మొగ్గలోనూ లేతాకులోనూ దాస్తుంది. అంటే ఎండు ఆకు బరువు లెక్కన చూస్తే తెల్ల టీలో కెఫీన్ తక్కువేమీ కాదు. కప్పులోకి తక్కువగా దిగుతుందంటే కారణం వేరే: మొగ్గ విరగకుండా నిండుగా ఉంటుంది, పైన నూగు ఉంటుంది, నీళ్లు మరీ సలసల కాగనివ్వం. అదే మొగ్గను పొడి చేసి మరిగిస్తే కెఫీన్ అంతా దిగుతుంది. రాత్రి నిద్ర పట్టనివాళ్లు తెల్ల టీయే కదా అని పడుకునే ముందు తాగడం మంచిది కాదు.

మొగ్గలో ఉండే మరో మంచి పదార్థం థియానిన్. జపాన్ శాస్త్రవేత్తలు 1949లో దీన్ని టీలోంచి వేరుచేశారు. మొక్క దీన్ని వేళ్లలో తయారుచేసి లేత చిగుళ్లకు పంపుతుంది. ఆకు ముదిరి ఎండ తగిలేకొద్దీ ఇది తగ్గుతూ కాటెచిన్లు పెరుగుతాయి. కెఫీన్ ఇచ్చే చురుకుకు థియానిన్ కొంత నెమ్మదితనం జోడిస్తుందని మనుషుల మీద చేసిన చిన్న ప్రయోగాలు చెబుతున్నాయి. టీ తాగాక వచ్చే ఆ నిదానమైన హుషారు, కాఫీ తాగాక వచ్చే గుండెదడ, ఈ రెండింటి తేడా తెలిసినవాళ్లకు ఈ మాట కొత్తగా అనిపించదు.

గాజు పళ్లెం, మనిషి ఒళ్లు

2001లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు తెల్ల టీ కషాయాన్ని బ్యాక్టీరియా మీద పరీక్షించారు. జన్యుపదార్థాన్ని దెబ్బతీసే రసాయనాలు కలిపినప్పుడు, ఆ దెబ్బను తెల్ల టీ గ్రీన్ టీ కంటే బాగా ఆపింది. ఆ తర్వాత ఎలుకల మీదా కొన్ని ప్రయోగాలు జరిగాయి. క్యాన్సర్ మాటకు మూలం ఇదే.

2009లో లండన్‌లోని కింగ్‌స్టన్ యూనివర్సిటీలో 21 మొక్కల రసాలను పరీక్షించారు. చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్, ఎలాస్టిన్ అనే ప్రొటీన్లను తినేసే ఎంజైములను ఏ రసం బాగా ఆపుతుందో చూశారు. తెల్ల టీ అన్నిటికన్నా ముందు నిలిచింది. ముడతల మాట ఇక్కణ్ణుంచి వచ్చింది. అదే ఏడాది జర్మనీలో ఒక సౌందర్య సాధనాల కంపెనీ శాస్త్రవేత్తలు మనిషి కొవ్వు కణాలను పళ్లెంలో పెంచి తెల్ల టీ సారం కలిపారు. కొత్త కొవ్వు చేరడం తగ్గింది, ఉన్న కొవ్వు కరగడం పెరిగింది. బరువు తగ్గించే మాటకు ఆధారం ఇది.

ఈ పరిశోధనలు నిజాయితీగా చేసినవే. వాటిని తప్పు పట్టనక్కర్లేదు. కానీ పళ్లెంలోని కణానికి టీ నేరుగా తగులుతుంది. మన కణాలకు అలా తగలదు. కప్పులోని కాటెచిన్లలో కొద్ది శాతం మాత్రమే చిన్నపేగు దాటి రక్తంలోకి చేరుతుంది. చేరినదాన్ని కాలేయం వెంటనే మార్చేస్తుంది. ఒకటి రెండు గంటల్లో రక్తంలో శిఖరానికి చేరి, కొన్ని గంటల్లో సగానికి సగం పడిపోతుంది. కప్పు రెండు కప్పులు తాగితే రక్తంలో కనిపించే మోతాదు సాధారణంగా ఒక మైక్రోమోలార్ లోపే. పళ్లెంలో ప్రయోగాలకు దానికి పదుల రెట్లు వాడటం మామూలు. మిగిలిన కాటెచిన్లు పెద్దపేగుకు వెళ్తాయి. అక్కడి బ్యాక్టీరియా వాటిని చిన్న చిన్న పదార్థాలుగా విడగొడుతుంది, వాటిలో కొన్ని రక్తంలోకి వస్తాయి. అంటే ఒంట్లో పనిచేసేది కప్పులో ఉన్న పదార్థమే కాకపోవచ్చు, పేగుల్లో తయారైన దాని సంతానం కావచ్చు. ఈ సంగతి పళ్లెంలో కనిపించదు.

మనుషుల మీద ఏం తేలింది? జర్మనీలోని బాన్‌లో 2010లో ఆరోగ్యవంతులైన, పొగ తాగని మనుషులకు తెల్ల టీ, గ్రీన్ టీ ఇచ్చి రక్తం పరీక్షించారు. కాటెచిన్లు రక్తంలోకి చేరాయి. ఆక్సీకరణ ఒత్తిడిని చెప్పే గుర్తుల్లో మాత్రం ఏ మార్పూ లేదు. ఒక్క మోతాదుతో చేసిన పరీక్షను తుది తీర్పు అనలేం గానీ, టీ తాగగానే ఒంట్లో ఏదో శుద్ధి జరుగుతుందన్న ఊహకు అది బలం ఇవ్వదు.

ఏళ్ల తరబడి తాగితే ఏమవుతుందన్నదానికి తెల్ల టీ మీద పెద్ద అధ్యయనాలు లేవు. తాగేవాళ్లే తక్కువ. అందుకే దాని అక్కచెల్లెళ్ల దగ్గరికి వెళ్లాలి. జపాన్‌లో ఒసాకి అనే ప్రాంతంలో 40,530 మందిని మొత్తం 11 ఏళ్లు, జబ్బులవారీ మరణాలను ఏడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు ఐదు కప్పులు, ఆపైన గ్రీన్ టీ తాగినవాళ్లలో, రోజుకు ఒక కప్పు కంటే తక్కువ తాగినవాళ్లతో పోలిస్తే, గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోవడం మగవాళ్లలో 22 శాతం, ఆడవాళ్లలో 31 శాతం తక్కువ. క్యాన్సర్ మరణాల్లో తేడా కనిపించలేదు. బ్రిటన్‌లో దాదాపు ఐదు లక్షల మందిని గమనించి 2022లో ప్రకటించిన అధ్యయనంలో, రోజుకు రెండు కప్పులు, ఆపైన టీ తాగేవాళ్లలో మరణాల ముప్పు 9 నుంచి 13 శాతం తక్కువగా తేలింది. వాళ్లు తాగేది ఎక్కువగా మనం తాగేలాంటి నల్ల టీయే.

ఇవి గమనించి చెప్పిన లెక్కలు. టీ తాగేవాళ్లు వేరే విషయాల్లోనూ భిన్నంగా బతుకుతూ ఉండొచ్చు, ఆ మేలు వాటివల్ల రావచ్చు. అయినా రెండు వేర్వేరు దేశాల్లో, ఇన్ని లక్షల మందిలో ఒకే దిక్కు చూపే ఫలితాన్ని తీసిపారేయలేం. నా అభిప్రాయం ఇది: టీ గుండెకు కొద్దిగా మంచిది. తెల్ల టీ కూడా అదే మొక్కది కాబట్టి ఆ కొద్ది మేలు దానిలోనూ ఉండాలి. క్యాన్సర్ పేరుతో దాన్ని అమ్మడం మాత్రం రోగుల ఆశతో చేసే వ్యాపారం. దాన్ని గట్టిగా ఖండించాలి.

కూనూరు నుంచి హైదరాబాదుకు

తేయాకు తోటల మధ్య, కూనూరులో 1907 నుంచి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ ఒక గదిలో 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై పోషకాహార పరిశోధనశాల అయింది. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలోని ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి తన పరిశోధన జీవితాన్ని మొదలుపెట్టింది అక్కడే. 1958లో ఆ సంస్థ హైదరాబాదుకు తరలింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. తార్నాకలో మనందరికీ తెలిసిన ఎన్.ఐ.ఎన్. అదే. తేయాకు కొండల మీద పుట్టిన ఆ సంస్థే టీ ఎప్పుడు తాగకూడదో మనకు చెప్పింది.

1982లో ఆ సంస్థ శాస్త్రవేత్తలు బి.ఎస్. నరసింగరావు, టి. ప్రభావతి మన తిండిలోని టానిన్లను కొలిచి, అవి ఇనుమును ఎలా పట్టేస్తాయో చూపించారు. దానికి ముందే 1975లో దక్షిణాఫ్రికా పరిశోధకులు మనుషుల మీద పరీక్షించి, అన్నంతో గానీ రొట్టెతో గానీ టీ తాగితే ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుందని తేల్చారు. టీలోని పాలీఫినాల్స్ ఇనుముతో గట్టి జట్టు కడతాయి. ఆ జట్టు పేగు గోడ దాటలేదు. మాంసంలోని ఇనుముకు ఈ బెడద తక్కువ. ఆకుకూరలు, పప్పులు, రాగులు, సజ్జల్లోని ఇనుముకు ఎక్కువ. మన ఇళ్లలో ఎక్కువమందికి దొరికేది ఈ రెండో రకమే.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తమిళనాడులో 53.4 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇద్దరిలో ఒకరికంటే ఎక్కువ. ఈ అంకెలు నన్ను బాధపెడతాయి. ఎందుకంటే పొద్దున్నే ఇంటిల్లిపాదికీ ఇడ్లీలు పెట్టి, ఆఖర్న తను రెండు ఇడ్లీలు తింటూ పక్కనే టీ గ్లాసు పెట్టుకునే అమ్మ ఆ అంకెలో ఉంది. ఆమె తిన్న తిండిలోని కాస్త ఇనుములోనూ చాలా భాగం ఆ గ్లాసు వల్ల వృథా పోతుంది. పైగా ఆమె డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్ర కూడా టీతోనే వేసుకుంటుంటే చెప్పనక్కర్లేదు.

తెల్ల టీ తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఈ దోషం దానికి లేదనుకోవద్దు. ఇనుమును బాగా పట్టేవి ఇ.జి.సి.జి. లాంటి కాటెచిన్లే. మనం దేన్ని మేలు అని కొనుక్కుంటున్నామో, తిండి వేళ తాగితే అదే కీడు చేస్తుంది. పరిష్కారం మాత్రం చాలా చవక. 2017లో బ్రిటన్‌లో ఆరోగ్యవంతులైన ఆడవాళ్ల మీద చేసిన పరీక్షలో, తిండితోపాటు కాకుండా గంట ఆగి టీ తాగితే ఆ నష్టం తగ్గింది. 2024లో ఎన్.ఐ.ఎన్. విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి: భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దు. రోజు మొత్తం మీద కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ లెక్కలో 150 మిల్లీలీటర్ల టీ కప్పులో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అదే కప్పు ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 దాకా ఉండొచ్చు.

నెల్లూరు ఎముకలు, గిండీ ప్రయోగశాల

తెల్ల టీకి నిజంగా ఉన్న ఒక మేలు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది ఫ్లోరైడ్ సంగతి. ఈ కథలో చెన్నైకి పెద్ద పాత్ర ఉంది.

1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఎచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఒక వింత జబ్బును గురించి రాశారు. మనుషులకు వెన్ను బిగుసుకుపోతోంది, మెడ తిరగదు, పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. కారణం బావినీళ్లలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా గుర్తించిన తొలి సందర్భం ఇదే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోవి. తర్వాత నల్లగొండలో ఫ్లోరైడ్ కథ మనందరికీ తెలిసిందే.

తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను బాగా లాక్కుంటుంది. లాక్కున్నదాన్ని ఆకుల్లో దాస్తుంది, ఆకు ముదిరేకొద్దీ అది పేరుకుపోతుంది. ముదురాకులతో చేసిన ఇటుక టీ రోజూ తాగే టిబెట్ ప్రాంతంలో టీ వల్లే ఫ్లోరోసిస్ వచ్చిన ఉదాహరణలు ఉన్నాయి. మొగ్గకు ఆ ఫ్లోరైడ్‌ను పోగేసుకునే వయసు లేదు. కాబట్టి మొగ్గలతో చేసిన తెల్ల టీలో ఫ్లోరైడ్ తక్కువ. నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్ల నుంచి చెన్నై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఊరికి వెళ్లినప్పుడు అక్కడి బోరునీళ్లతో టీ కాచి తాగడమంటే ఫ్లోరైడ్ మీద ఫ్లోరైడ్. అక్కడ మొదట మార్చాల్సింది నీళ్లనే. టీ ఆ తర్వాతి సంగతి.

గ్లాసులో చక్కెర

చెన్నైలో టీ కొట్టు లేని వీధి ఉండదు. బాయిలర్ పక్కన టీ మాస్టర్ పాలు, డికాక్షన్ ఎత్తి పోస్తుంటాడు. చుట్టూ బజ్జీ, వడ, బటర్ బిస్కట్. ఆటో డ్రైవరు, మేస్త్రీ, ఐటీ ఉద్యోగి అందరూ ఒకే చోట నిలబడి తాగుతారు. ఆ నాలుగు నిమిషాల విశ్రాంతి విలువైనది, దాన్ని ఎవరూ మానుకోనక్కర్లేదు. కానీ గ్లాసులో రెండు చెంచాల చక్కెర అంటే సుమారు 8 గ్రాములు. రోజుకు నాలుగు గ్లాసులైతే 32 గ్రాములు, ఏడాదికి 11 కిలోలు దాటుతుంది. విడిగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే మిగతా రోజంతా తీపి ముట్టకపోయినా టీ ఒక్కదానితోనే హద్దు దాటేస్తాం.

చెన్నైలోని మద్రాస్ డయాబిటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలి కలిసి దేశమంతా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ జబ్బు ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని తేలింది. తెల్ల టీ ఈ జబ్బును నయం చేస్తుందన్నదానికి నమ్మదగ్గ ఆధారం లేదు. కానీ తెల్ల టీని చక్కెర లేకుండా తాగగలం. వగరు తక్కువ, చేదు తక్కువ, గొంతులో సహజమైన తీపి మిగులుతుంది. పాలు పోస్తే దాని రుచే పోతుంది. రోజుకు నాలుగు తీపి టీల్లో రెండింటి బదులు రెండు కప్పుల తెల్ల టీ తాగితే 16 గ్రాముల చక్కెర ఒంట్లోకి వెళ్లదు. ఏ కాటెచిన్ లెక్క కంటే ఈ లెక్క గట్టిది. తెల్ల టీ ఇచ్చే ఆరోగ్యంలో పెద్ద భాగం ఇదేనని నేను నమ్ముతాను.

పాలు టీలోని మేలును చంపేస్తాయా అని చాలామంది అడుగుతారు. బెర్లిన్‌లో 2007లో 16 మంది ఆడవాళ్ల మీద చేసిన పరీక్షలో, టీ తాగాక రక్తనాళాలు బాగా వ్యాకోచించాయి, పాలు కలిపితే ఆ ఫలితం పోయింది. 1998లో చేసిన వేరే పరీక్షలో పాలు కలిపినా కాటెచిన్లు రక్తంలోకి చేరడం తగ్గలేదు. బ్రిటన్ పెద్ద అధ్యయనంలోనూ పాలు పోసుకునేవాళ్లకు అదే మేలు కనిపించింది. కాబట్టి పాల మీద భయం అక్కర్లేదు. భయపడాల్సింది చక్కెరకే.

ఎలా కాచాలి, ఎవరు జాగ్రత్త పడాలి

నీళ్లు మరిగించి, దించి, కొన్ని నిమిషాలు ఆగండి. 80 డిగ్రీల దగ్గర మొగ్గలు వేసి మూతపెట్టి నాలుగైదు నిమిషాలు ఉంచితే చాలు. అవే మొగ్గలతో ఇంకోసారి, మూడోసారి కూడా కాచుకోవచ్చు. ధర వేలల్లో ఉన్నా కప్పు లెక్కకు వస్తే అది కాస్త భరించదగ్గది కావడానికి ఇదొక కారణం. తాగేటప్పుడు మరీ వేడిగా తాగొద్దు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. అది ఏ పానీయానికైనా వర్తిస్తుంది.

అగ్నినక్షత్రం రోజుల్లోనూ, రోహిణి కార్తెలోనూ చెన్నైలో వేడి టీ పేరెత్తితేనే చెమట పడుతుంది. అప్పుడు కాచి చల్లార్చిన నీళ్లలో మొగ్గలు వేసి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి. ఇటలీ పరిశోధకులు 2010లో రకరకాల టీలను వేడి నీళ్లలోనూ, మామూలు నీళ్లలో రెండు గంటలూ నానబెట్టి పోల్చారు. తెల్ల టీ విషయంలో చల్లటి పద్ధతిలోనే యాంటీ ఆక్సిడెంట్ శక్తి ఎక్కువ కనిపించింది. చేదు, కెఫీన్ కూడా తక్కువ దిగుతాయి. అలా చేసిన టీని ఒక రోజులో తాగేయాలి. క్యాన్లలో అమ్మే మంచినీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి టీ తేటగా వస్తుంది. బోరునీళ్లతో చేస్తే పైన పలుచటి తెట్టు కడుతుంది, రుచి మందగిస్తుంది. సముద్రపు గాలి తేమకు మొగ్గలు త్వరగా మెత్తబడి వాసన పోతాయి కాబట్టి గట్టి మూత ఉన్న డబ్బా తప్పనిసరి. వంటింట్లో ఇంగువ, మసాలాల పక్కన అసలు పెట్టొద్దు.

గర్భిణులు, గుండెదడ ఉన్నవాళ్లు కెఫీన్ లెక్క చూసుకోవాలి. ఇనుము మాత్రలు, థైరాయిడ్ మాత్రలు మంచినీళ్లతోనే వేసుకోవాలి. నాడొలాల్ అనే బీపీ మందు ఒంటికి పట్టడాన్ని గ్రీన్ టీ బాగా తగ్గిస్తుందని జపాన్‌లో చేసిన పరీక్షలో తేలింది. అదే కాటెచిన్లు తెల్ల టీలోనూ ఉన్నాయి. రోజూ మందులు వాడేవాళ్లు తమ టీ అలవాటును డాక్టరుకు చెప్పాలి. టీ సారంతో చేసిన మాత్రలు, క్యాప్సూళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఇ.జి.సి.జి. మాత్రల రూపంలో తీసుకుంటే కాలేయం దెబ్బతింటున్న సూచనలు రక్తంలో కనిపించాయని యూరప్ ఆహార భద్రత సంస్థ 2018లో హెచ్చరించింది. కప్పులో తాగే టీ ఆ స్థాయికి చేరడం చాలా అరుదు.

తెల్ల టీ కొనే స్తోమత ఉంటే హాయిగా తాగండి. లేకపోతే దిగులు పడాల్సిన పని లేదు. మీరు తాగే మామూలు టీలోనే చక్కెర తగ్గించండి, దాన్ని భోజనానికి గంట దూరం జరపండి. మీ ఇంట్లో రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు ఈ రెండో మాట ఇవాళే చెప్పండి.